దిండు క్రింది నవల

వారానికి చదవవలసిన పుస్తకాల పట్టిక వేసుకొనే పాఠకుడు కావ్యాన్నీ చరిత్రనూ అందరికీ కనబడేట్లు బల్లమీద ఉంచుతాడు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ మాత్రం దిండు క్రింద ఉంటాడు. ఈ సంకోచం అనవసరం.

1942లో కళాశాల చదువుకు విజయనగరం వచ్చిన ఆరుద్ర అక్కడ చాసో, రోణంకి అప్పలస్వామిగార్ల సాహచర్యం పొందారు. 'త్వమేవాహం' వ్రాసిన ఆ చేతితోనే 'పలకల వెండిగ్లాసు' వంటి అపరాధ పరిశోధక నవలలూ వ్రాశారు. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం'లో కవుల కాలనిర్ణయానికీ పూనుకొన్నారు. సాక్ష్యాన్ని తూచడం, తొందరపడి తీర్పు చెప్పకపోవడం రెండింటికీ కావలసిన గుణాలే.

ఈ నవలలన్నీ మేలైనవని ఎవరూ అనరు. హంతకుణ్ణి కడపటి పుటలో ఆకాశం నుంచి దింపే రచయిత పాఠకుణ్ణి మోసగించినట్లే. ఆధారాలన్నీ ముందే కళ్ళ ఎదుట పెట్టి, అయినా మనల్ని ఓడించిన రచయిత గౌరవార్హుడు. ఆ తారతమ్యం చదివినవారికే తెలుస్తుంది.

విచారించవలసిన సంగతి మరొకటి ఉన్నది. పొరుగున శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావుగారు 1997లో కథానిలయం నెలకొల్పి తెలుగు కథకు ఒక ఇల్లు కట్టారు. అద్దె పుస్తకాల దుకాణాలలో చేతులు మారి చివికిపోయిన డిటెక్టివ్ నవలలకు అంతటి ఆదరణ దక్కలేదు. వాటిని ఇష్టపడి చదివినవారే దాచుకోవడానికి సిగ్గుపడితే ఇతరులు కాపాడతారా? పాఠకుడు తన వారపు పట్టికలో కావ్యం ప్రక్కనే యుగంధర్‌కూ చోటియ్యాలి. ఇంట మిగిలిన పాత ప్రతిని తూకానికి వేయక, ఊరి గ్రంథాలయానికి అప్పగించాలి.