ఏటేటా వచ్చే అధికమాసం



విశ్వావసు నామ సంవత్సర ఉగాది నాడు, అంటే 2025 మార్చి 30న, నరసరావుపేటలో మా వీధి రామాలయంలో పంచాంగ శ్రవణం ముగించి, ప్రసాదం దొన్నె చేతపట్టుకొని మెట్లు దిగుతున్నాను. మా ఇంట పాలు పోసే ఆవిడ అరుగు పక్కన నిలబడి ఉంది. “పంతులుగారూ, ఈ ఏడు నెలలు చిన్నవయినాయా?” అని అడిగింది. పరిహాసమనుకొన్నాను. కాదు. ఆమె చేతిలో ఫోను ఉంది. రెండో తారీఖున రీఛార్జి చేయించుకొంది. మళ్ళీ రెండో తారీఖు దాకా దిగులు లేదనుకొంది. హైదరాబాదులో తాపీపని చేసుకొనే కొడుకుతో పండగపూట రెండు మాటలు మాట్లాడదామని పొద్దున్నే నొక్కితే, గడువు తీరిందని ఎవరిదో కంఠం పలికిందట. దుకాణంవాడు మోసం చేశాడని ఆమె అనుమానం. “నెలకని చెప్పి డబ్బులు తీసుకున్నాడు. నెల తిరక్కముందే మూగబోయిందయ్యా!”

దుకాణంవాడు మోసం చేయలేదు. అతడు అమ్మింది 28 రోజుల పథకం. మార్చి 2 మొదలు వేళ్ళు మడిచి లెక్కపెడితే 29వ తేదీ రాత్రికి 28 రోజులు నిండాయి. కొత్త సంవత్సరం పుట్టేసరికి ఆమె ఫోను గడువు చచ్చింది. నా ఫోనులోనుంచి కొడుకుకు కలిపి ఇచ్చాను. మాట్లాడింది, కళ్ళొత్తుకొంది, వెళ్ళింది. కానీ ఆమె అడిగిన ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. ముప్పయ్యేళ్ళకు పైగా బడిలో పిల్లలచేత చైత్రం, వైశాఖం అని వల్లె వేయించినవాణ్ణి. అంతకు అరగంట ముందే ఊరివారికి పంచాంగం చదివి వినిపించినవాణ్ణి. నెల అంటే ఎన్ని రోజులు అన్న ప్రశ్నకు ఆమె ముందు తడబడ్డాను. ఆనాడు చెప్పలేని జవాబే ఈ టపా.

మన పెద్దలు మాసాన్ని ముఖ్యంగా నాలుగు విధాల కొలిచారు. అమావాస్య నుంచి అమావాస్యకు చాంద్రమాసం: ఇరవై తొమ్మిదిన్నర రోజుల పైచిలుకు. సూర్యుడు ఒక రాశి దాటడానికి పట్టేది సౌరమాసం: 29 మొదలు 32 రోజుల మధ్య ఉంటుంది. ముప్పై సూర్యోదయాలు లెక్కిస్తే సావనమాసం. చంద్రుడు నక్షత్రమండలాన్ని ఒకసారి చుట్టివస్తే నాక్షత్రమాసం: 27 రోజుల చిల్లర. ఈ నాలుగింటిలోనూ 28 రోజుల నెల లేదు. ఇంగ్లీషు కాలెండరులో ఒక్క ఫిబ్రవరికి ఆ దురవస్థ పట్టింది. దానికైనా నాలుగేళ్ళకొకసారి ఒక రోజు భిక్ష వేస్తారు. మన టెలిఫోను సంస్థలకు మాత్రం ఏడాది పొడుగునా ఫిబ్రవరే!

చాంద్ర సంవత్సరం సౌర సంవత్సరం కన్నా పదకొండు రోజులు తక్కువ. ఆ లోటు పూడ్చడానికి దాదాపు 32 నెలలకొకసారి అధికమాసం వస్తుంది. 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం. సంస్థలవారి పంచాంగంలోనో, అధికమాసం ఏటేటా వస్తుంది. 365ను 28తో భాగించి చూడండి. పదమూడు నెలలు, పైన ఒక రోజు. అధికమాసంలో చేసిన దానం విశేష ఫలమిస్తుందంటారు. ఈ పదమూడో నెలలో మనమంతా చేస్తున్నది దానమే. గ్రహీత ఎవరన్నదే తేడా.

నా మాటను తొందరపడి మరోలా తీసుకోవద్దు. నా తగవు ధర మీద కాదు, కొలత మీద. సంతలో ధాన్యం వ్యాపారి ధర పెంచితే బేరమాడతాం, లేదా పక్క అంగడికి పోతాం. అతడే అడుగు లోపలికి నొక్కిన మానికతో కొలిస్తే దాన్ని వ్యాపారమనరు. అందుకే తూనికలకూ కొలతలకూ ప్రభుత్వం ముద్ర వేస్తుంది. కాలం కూడా ఒక కొలతే కదా! నెల అన్న మానికకు ముద్ర వేసేవారెవరు?

లెక్కలోకి వద్దాం. 28 రోజులకు 299 రూపాయల పథకం తీసుకొన్నవాడు నెలకు 299 అనుకొని, ఏడాదికి పన్నెండు పర్యాయాలు, 3588 రూపాయలు అని గుణిస్తాడు. నిజంగా కట్టేది పదమూడు పర్యాయాలు, 3887. ముప్పై రోజుల నెలకు లెక్కగడితే 320 రూపాయలు. ఇంట్లో మూడు ఫోనులుంటే ఆ పదమూడో నెల ఖరీదు 897 రూపాయలు. 320 కావాలంటే 320 అనే చెప్పండి, ఇచ్చేవాడిస్తాడు. 299 అని బోర్డు మీద రాసి వెనకనుంచి మిగతాది గుంజడమెందుకు?

ధర పెరగడం లేదని కాదు. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల జియో పథకం 2018లో 149 రూపాయలు. 2019 డిసెంబరులో 199 అయింది. 2021 డిసెంబరులో 239. 2024 జులైలో 299. ఆరున్నరేళ్ళలో ధర రెట్టింపయింది. రోజులు మాత్రం ఇరవై ఎనిమిది దగ్గరే ధ్రువనక్షత్రంలా నిలిచాయి. 2016లో ఉచితాల పోటీ మొదలైనప్పుడు మనమందరం చప్పట్లు కొట్టాం. 2018లో ఎయిర్‌సెల్ తెరమరుగయింది. వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. పల్నాటివాళ్ళకు కోడిపందెం కథ ఎవరూ చెప్పనక్కరలేదు. బరిలో కొట్టుకున్నవి కోళ్ళు. ఏడేళ్ళు ఊరు విడిచి పోవలసివచ్చింది మనుషులు. ఇక్కడా పందెం సంస్థలది, పర్యవసానం మనది.

“ప్రపంచంలో ఇంత చవకగా డేటా ఇంకెక్కడుంది మాస్టారూ?” అని మా పాత విద్యార్థి ఒకడు వాదించాడు. నాయనా, జీబీ చవకైతే కావచ్చు. పాలావిడకు కావలసింది జీబీ కాదు, కొడుకు గొంతు. ఆమె ఫోను బొత్తాల ఫోను. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చామంటే ఎక్కడ పోసుకొంటుంది? మనలాంటివాళ్ళకైనా ఆ రోజు మిగిలినది రాత్రి పన్నెండు గంటలకు మురిగిపోతుంది. ముప్పూటలకూ సరిపడా వండి వార్చి, ఒకపూట తిన్నవాడి దగ్గర మూడు పూటల సొమ్ము వసూలు చేసి, మిగిలిన అన్నం నేలపాలు చేసి, “మెతుకు ఎంత చవకో చూశారా!” అంటే ఏమనాలి?

నియంత్రణ సంస్థ, అంటే ట్రాయ్, నిద్రపోయిందనలేను. 2022 జనవరిలో ప్రతి సంస్థా 30 రోజుల పథకం ఒకటి, ప్రతి నెలా అదే తేదీన తిరిగి చేయించుకొనే పథకం ఒకటి తప్పక ఉంచాలని ఆదేశించింది. 2024 డిసెంబరులో మాటలకూ సందేశాలకూ మాత్రమే పరిమితమైన, డేటా అంటగట్టని పథకాలు కూడా అమ్మాలన్నది. ఈ రెండు సంగతులు మా ఊళ్ళో రీఛార్జి చేసే నాలుగు దుకాణాల్లో అడిగాను. ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ “ఎవరూ అడగరండీ” అన్నారు. ఉందని తెలియనిదాన్ని ఎవరడుగుతారు?

ఆ ఆదేశం ఫలితంగా 2025 జనవరిలో వచ్చిన పథకాలలో రెండింటిని చూడండి. జియోవారిది 1748 రూపాయలు. ఎయిర్‌టెల్‌వారిది 1849. చూడగానే మొదటిది 101 రూపాయలు చవక. చిన్న అక్షరాలు చదివితే, మొదటిదాని గడువు 336 రోజులు, రెండోది 365. పన్నెండును 28తో గుణిస్తే వచ్చేది 336. చూశారా, 28 రోజుల నెలకు తగ్గట్టు 336 రోజుల సంవత్సరం కూడా సృష్టి అయింది! రోజుకు లెక్కగడితే మొదటిది 5 రూపాయల 20 పైసలు, రెండోది 5 రూపాయల 7 పైసలు. చవకగా కనబడేదే ప్రియం. ఈ ధరలు రేపు మారవచ్చు. రోజులతో భాగించే పద్ధతి మాత్రం మారదు. భాగహారం వచ్చినవాణ్ణి మోసగించడం కష్టం.

టీవీ దగ్గరా ఇదే నాటకం, వేషం వేరు. 2019 ఫిబ్రవరి 1న కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. ప్రతి చానలుకూ విడిగా ధర ఉండాలి, కోరినవే కొనుక్కోవచ్చు అన్నారు. నూరు చానళ్ళ దాకా తీగ అద్దె 130 రూపాయలు, 18 శాతం పన్నుతో 153 రూపాయల 40 పైసలు. 2020లో అదే అద్దెకు 200 చానళ్ళు ఇవ్వాలన్నారు. 2024 జులైలో ఆ అద్దె మీద పరిమితే ఎత్తేశారు. హక్కు కాగితం మీద ఉంది; ఇంటికి వచ్చేది మాత్రం గంపగుత్త ‘ప్యాకు’. మేమిద్దరం చూసేవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మా ఆవిడకు రెండు సీరియళ్ళ చానళ్ళు, శ్రీవేంకటేశ్వర భక్తి చానలు. నాకు వార్తలు, సప్తగిరి. వీటిలో భక్తి చానలుకూ దూరదర్శనుకూ చందా లేనే లేదు. మా ప్యాకులో మాత్రం పిల్లల బొమ్మల చానళ్ళు, క్రీడలు, మాకు తెలియని భాషల సినిమాలు. విడిగా ఇమ్మంటే కేబులు కుర్రాడు “అందరూ అదే తీసుకుంటారు మాస్టారూ” అన్నాడు. మూడుసార్లు తిప్పాడు. నాలుగోసారి చానళ్ళ జాబితా నా దస్తూరీతో రాసి, సంతకం పెట్టి చేతికిచ్చాను. కాగితం చూసేసరికి పని జరిగింది. నెలకు 350 కట్టేవాళ్ళం 240కి దిగాం.

ఇక అంతర్జాలం. పాత బ్లాగర్లకు గుర్తుండే ఉంటుంది: బీఎస్ఎన్ఎల్ డేటావన్ రోజుల్లో రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా అపరిమితం అంటే, రెండింటికి అలారం పెట్టుకొని లేచి టపాలు ప్రచురించినవాళ్ళం. ఆ కొలతలో కష్టముంది గాని కపటం లేదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదుగా తీగ తెచ్చి, టీవీ, అంతర్జాలం, ఫోను మూడూ కలిపి 149 రూపాయలకే ఇస్తామన్నది. ఆ పథకం రాజకీయాల జోలికి నేను పోను. దానిలోని ఆలోచన మాత్రం సరైనది: ఇల్లు ఒకటి, తీగ ఒకటి, బిల్లు ఒకటి. ఈనాడు మనం ఇంటికి తీగ తెప్పించుకొని, ఆ తీగ కిందే కూర్చొని, తలకొక ఫోనులో మళ్ళీ డేటా కొంటున్నాం. నుయ్యి తవ్వించుకొని బిందెలతో నీళ్ళు కొనడమంటే ఇదే.

మా ఇంట ఇద్దరి ఫోనులకూ ఏడాదికి 7774 రూపాయలయ్యేది. ఇంట్లో తీగ ఉంది గనుక ఇద్దరివీ డేటా లేని ఏడాది పథకానికి మార్చాను: 3698. మిగులు 4076. కేబులులో నెలకు 110 చొప్పున 1320. మొత్తం 5396 రూపాయలు. దీనికొక ఇబ్బంది ఉంది, దాచను. బజారులో ఫోనుతో డబ్బు చెల్లించే అలవాటున్నవారికి ఈ పద్ధతి కుదరదు. మా ఆవిడ ఇందుకు నన్ను వారం రోజులు సాధించింది. ఇప్పుడు కొంగున నోట్లు ముడి వేసుకొని వెళుతున్నది.

నేను కోరేది పెద్దదేమీ కాదు. కందిపప్పు పొట్లం మీద గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ముద్రించాలన్న నిబంధన ఇప్పుడుంది. అలాగే ప్రతి రీఛార్జి పథకం పక్కనా రోజుకు ఎన్ని రూపాయలో, ఏ తేదీన గడువు తీరుతుందో తెలుగులో, ధర ఎంత అక్షరాలలో వేశారో అంత అక్షరాలలో వేయాలి. 28 రోజులను నెల అని ఎవరూ అనరాదు. ఇంతే.

విదేశాల్లోనూ నగరాల్లోనూ ఉన్న మిత్రులారా, మీకొక మాట. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల ఫోనులకు రీఛార్జి చేసేది తరచుగా మీరే. పైనున్న మొదటి పథకం మీద నొక్కి, పని అయిందనుకొంటారు. ఈసారి అమ్మను అడగండి: రోజూ ఆ ఫోనుతో ఏమి చేస్తావు అని. ఆ తర్వాత భాగహారం చేసి నొక్కండి.

పాలావిడకు ఏడాది పథకం ఒకేసారి కట్టే స్తోమత లేదు. పేదవాడికే చిన్న కొలత, చిన్న కొలతకే పెద్ద ధర. ఇదీ ఈ వ్యాపారంలోని అసలు అన్యాయం. అదే తేదీకి తిరిగే పథకం ఆమెకు వెతికిపెట్టాను. ఇప్పుడు ప్రతి నెలా రెండో తారీఖున, పాలడబ్బుల లెక్క చూసుకొనే రోజునే, రీఛార్జి. మొదటి నెల నిండిన మర్నాడు వచ్చి, “ఇప్పుడు నెల సరిగానే ఉంది పంతులుగారూ” అంది.

సరిగానే ఉంది. ఉండాలని అడిగేవరకు లేదు.