తప్పు వయసు మీదికి నెట్టకండి

వృద్ధాశ్రమంలో ఎవరైనా స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగితే నిర్వాహకుల మాట ఒక్కటే: ‘వయసు మీద పడిందండీ.’ నేనొప్పుకోను. నున్నటి గ్రానైటు పరిచినది వయసు కాదు. గోడకు కమ్మీ బిగించనిదీ, రాత్రి నడవలో దీపం ఆర్పినదీ, నిద్రమాత్ర మింగించి ఒంటరిగా వదిలినదీ వయసు కాదు. తుంటి విరిగి మంచాన పడితే పడకపుండ్లు, న్యుమోనియా వెంటాడతాయి.

చట్టమైనా గట్టిదా? 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం, 19వ సెక్షను, జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం ప్రభుత్వం ‘నెలకొల్పవచ్చు’ అంటుంది; ‘నెలకొల్పి తీరాలి’ అనదు. 2022లో ఏర్పడిన మన అనకాపల్లి జిల్లాకూ అదే దిక్కు.

నర్సీపట్నంలో అమ్మానాన్నలను ఆశ్రమంలో చేర్చదలచినవారు భోజనం రుచి చూసి సంతృప్తి పడుతున్నారు. ముందు ఆ స్నానాలగదిలో తడికాళ్లతో నిలబడండి. చేతికి పట్టు దొరకకపోతే డబ్బు కట్టకండి.