జాతి, జాతీయము, పితూరీ

అరకు సంతలో పసుపుకొమ్ముల గంప ముందుంచుకొని కూర్చున్న యొక ముసలమ్మను, పట్నమునుండి వచ్చిన బేరగాడొకడు "మీదే జాతి?" అని యడిగినాడు. ఆమె తలయెత్తకయే "కొండదొరలం బాబూ" అని చెప్పి, ప్రక్కనున్న మనుమరాలితో ఆదివాసీ ఒడియాలో నేదో పలికి, మరల తెలుగులో ధర చెప్పినది. ఆ ప్రశ్నలోని 'జాతి'యే మనము నిత్యము వాడు 'జాతీయవాది' యను మాటకును మూలమని తోచి, నేను చాలసేపు అచ్చటనే నిలిచిపోయితిని.

జాతి యనగా పుట్టుక. మన ఛందస్సులో కందమును ద్విపదయు జాతి పద్యములు. మన నుడికారమునకు జాతీయమని పేరు. కులమును జాతియే, కొండలలోని తెగయు జాతియే. దేశప్రజ లందఱును ఒక్క జాతి యను అర్థము ఈ మాటకు స్థిరపడి నూఱేండ్లకు మించి యెంతో కాలము కాలేదు. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసిననాటికి అది కొత్త వెలుగుతో నున్న మాట. ఆ రోజులలోనే విజయనగరమున గురజాడ తన గేయమునకు 'దేశభక్తి' యని పేరిడినాడు. కాని మైదానమున ఈ మాటలిట్లు వికసించుచున్న కాలముననే, మన్యపు మనిషి పోరాటమునకు దొరతనమువారి దస్తరములలో దక్కిన పేరు వేఱు: పితూరీ.

అరబ్బీనుండి యుర్దూమీదుగా వచ్చిన ఆ మాటకు అల్లరి, తిరుగుబాటు అని యర్థము. కల్లుపన్నుపై 1879లో లేచిన రంప పోరాటమును, 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటమును ప్రభుత్వము పితూరీలనియే వ్రాసికొన్నది. నేడు మన యిండ్లలో పితూరీ యనగా ఒకరిపై నొకరు చెప్పు చాడీ. ప్రాణములొడ్డిన వారి చరిత్రకు పెట్టిన పేరు చాడీగా దిగజాఱుట నా మనస్సును కలచివేయుచున్నది.

1882 నాటి మద్రాసు అటవీ చట్టముతో పోడునకు అడ్డుకట్టలు పడినవి. నర్సీపట్నమునుండి చింతపల్లికి వేయు బాటలో సరియైన కూలి లేక గిరిజనులచేత చాకిరి చేయించిరి. వీనిపై తిరుగబడి, 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై బడి తుపాకులు తీసికొని, తీసికొన్నవాని లెక్క వ్రాసి సంతకముచేసి వెడలిన సీతారామరాజును నేడెల్లరును జాతీయవీరుడని కొనియాడుదురు. 2022లో ఏర్పడి అరకును తనలో చేర్చుకొన్న జిల్లాకు ఆయన పేరే పెట్టినారు. ఇది న్యాయమే. అయితే ఆయన వెంట నడచిన వారిమాట వచ్చునప్పటికి, "వారికి దేశమేమి తెలియును, పోడుకొరకు పోరాడిరి" అని తేల్చివేయువారు విద్యావంతులలోనే కలరు. 1930లో దండికి సాగిన యాత్ర ఉప్పుకొరకు కాదా? చిటికెడు ఉప్పులో దేశమును చూడగలిగిన కన్ను, కొండవాలున చల్లిన గుప్పెడు చోళ్లలో దానిని చూడలేకపోవుటకు కారణము ఆ కంటిలోనే వెదకవలెను.

జాతీయవాది యను బిరుదము నొకరికిచ్చి యింకొకరినుండి లాగికొను ఈ దినములలో, నేను తలచుకొనునది అనంతగిరి మండలములోని పల్లెలను. బొఱ్ఱా పరిసరములలో గనులకై భూములు ప్రైవేటు కంపెనీలపరమైనప్పుడు 'సమత' సంస్థ వేసిన వ్యాజ్యములో, షెడ్యూలు ప్రాంతపు భూమిని ప్రభుత్వమైనను గిరిజనేతరులకు లీజుకీయరాదని 1997 జులైలో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. దేశములోని యొక ముక్కను దేశపు చట్టమునే నమ్మి కాపాడుకొన్న ఆ పల్లెలవారిని అభివృద్ధికి అడ్డమనువారు అనుచునే యున్నారు. నేను మాత్రము వారిని జాతీయవాదులందును.

సీతారామరాజు వెంట నడచిన గాము గంటందొర 1924లో ప్రాణములు విడిచెను. ఆయన తమ్ముడు మల్లుదొర పట్టువడి, ఉరిశిక్ష తప్పి, అండమానుకు పోయెను. స్వరాజ్యము వచ్చినపిదప జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో, పితూరీదారుడని శిక్షపొందిన ఆ మల్లుదొరను, విశాఖపట్టణమువారు తమ ప్రతినిధిగా లోక్‌సభకు పంపిరి.