మంటల దగ్గరికి వెళ్లేవాడు ఎలాంటివాడై ఉండాలి?



మన పల్నాడులో ఎండాకాలం వచ్చిందంటే ప్రతి ఇంట్లోనూ ఒక భయం ఉంటుంది. కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. ఇళ్ల పక్కనే వరిగడ్డి వాములు, పత్తికట్టె మోపులు, గొడ్ల చావిళ్లు ఉంటాయి. ఎవరో కాల్చి పారేసిన బీడీముక్క ఒక్కటి చాలు. మా దుర్గికి ఫైరింజన్ మాచర్ల నుండి రావాలి. అది వచ్చేదాకా బిందెలూ బకెట్లే మనకు దిక్కు.

పోయిన నెలలో మా సంఘంలోని ఒక కుర్రవాడు తల్లిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఇంటర్మీడియట్ పూర్తిచేశాడు. "అయ్యగారూ, ఫైర్‌మన్ ఉద్యోగానికి ప్రయత్నం చేద్దామనుకుంటున్నానండీ. ప్రార్థన చేయండి" అన్నాడు. తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఉన్న ఒక్క కొడుకునూ మంటల్లోకి పంపమంటారా అయ్యగారూ? మీరైనా చెప్పండి" అంది. "నాకు భయం లేదమ్మా. పోయినేడు మీరందరూ చూశారుగా" అన్నాడు కొడుకు.

అవును, చూశాం. పోయిన ఏడాది ఏప్రిల్‌లో మా వీధి చివర గడ్డివాము అంటుకుంది. మంట గొడ్లచావిడికి పాకింది. లోపల ఒక గేదె కట్టేసి ఉంది. ఫైరింజన్ వచ్చింది. సిబ్బంది గొట్టం విప్పి, "ఎవరూ దగ్గరికి రావద్దు" అని కేకవేశారు. ఈ కుర్రవాడు ఆగలేదు. కాళ్లకు చెప్పులైనా లేకుండా లోపలికి దూరి, పలుపు కోసి గేదెను బయటికి తోలాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ ఆదివారం ఆరాధనలో నేను అతన్ని నిలబెట్టి మెచ్చుకున్నాను.

అయితే ఆ సాయంత్రం ఫైరింజన్‌తో వచ్చిన పెద్దాయన నాతో అన్న మాటను నేను సంఘానికి చెప్పలేదు. "పాస్టరుగారూ, పిల్లవాడు గుండె గలవాడే. కాని చెప్పిన మాట వినలేదు. వాడు లోపలికి వెళ్లేసరికి గొట్టం వాడి వైపు తిప్పాల్సి వచ్చింది. ఆ రెండు నిమిషాల్లో మంట అవతలి పాకను అందుకుంది." ఆ పాకలో ఒక విధవరాలి మిరప టిక్కీలు ఉన్నాయి. ఏడాది కష్టం బూడిదైపోయింది. అప్పు మాత్రం మిగిలింది.

ఆ సంగతి ఇప్పుడు ఆ తల్లి ముందే అతనికి చెప్పాను. ఏడాది ఆలస్యంగా చెప్పాను, అది నా తప్పు. అతను తలవంచుకొని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "అయితే నేను ఆ ఉద్యోగానికి పనికిరానా అయ్యగారూ?" అని అడిగాడు. మన యౌవనస్థులు ఇంకా కొందరు ఇదే అడుగుతున్నారు గనుక, అతనికి చెప్పిన జవాబునే ఈ నెల మీకూ రాస్తున్నాను.

మొదట కావలసింది విధేయత. పొగ నిండిన ఇంట్లో తన చెయ్యి తనకు కనబడదు. అందుకే ఫైర్‌మన్ ఒంటరిగా లోపలికి వెళ్లకూడదు. ఎంతమంది వెళ్లారో, ఎంతమంది వచ్చారో బయట నాయకుడు లెక్క చూసుకుంటాడు. కప్పు కూలేలా ఉందని అతనికి బయటనుండి తెలుస్తుంది, లోపలివానికి తెలియదు. "వెనక్కి రా" అంటే రావలసిందే. తన ఇష్టప్రకారం పరుగెత్తేవాడు తన ప్రాణంతో పాటు తోటివాడి ప్రాణాన్నీ పందెం కాస్తాడు.

రెండవది ఆశానిగ్రహం. మన రాష్ట్రంలో ఈ ఉద్యోగాలకు పోలీసు నియామక మండలి పరీక్షలు జరుపుతుంది. 2018లో కానిస్టేబుల్ ఉద్యోగాలతో పాటే వీటికీ ప్రకటన వచ్చింది. రాతపరీక్ష, శరీర కొలతలు, పరుగు ఉంటాయి. అయితే అసలు పరీక్ష ఉద్యోగం వచ్చాక మొదలవుతుంది. పొగలోకి వెళ్లేవాడు వీపున గాలి సిలిండరు కట్టుకుంటాడు. అందులో ఉన్న గాలి కొద్దిసేపటికే. కంగారుపడి రొప్పేవాడికి అది ఇంకా త్వరగా అయిపోతుంది. నెమ్మదిగా ఊపిరి తీసేవాడికి ఎక్కువసేపు వస్తుంది. బీడీ, గుట్కా, మద్యం పట్టుకున్నవాడు ఆ నెమ్మదిని ఎక్కడినుండి తెచ్చుకుంటాడు?

మూడవది నేర్చుకొనే మనస్సు. మంట బతకడానికి కాలే వస్తువు, గాలి, వేడి మూడూ కావాలి. వాటిలో ఒక్కటి తీసేస్తే ఆరిపోతుంది. ఇది తెలియక మనం ప్రతి మంట మీదా నీళ్లు కుమ్మరిస్తాం. మరుగుతున్న నూనె మీద నీళ్లు పోస్తే మంట ఎగిరి మన ముఖం మీదికే వస్తుంది. కరెంటు తీగ మీద పోస్తే పోసినవాడికే షాకు కొడుతుంది. ఏ మంటకు ఏది తగునో ఫైర్‌మన్ జీవితాంతం నేర్చుకుంటూనే ఉండాలి.

నాలుగవది ఓర్పు. పత్తి పండించే మనకు ఈ సంగతి తెలుసు. పత్తి బోరెం పైకి ఆరినట్లే ఉంటుంది, లోపల మాత్రం రాజుకుంటూనే ఉంటుంది. జనం ఇళ్లకు వెళ్లిపోయాక కూడా ఫైర్‌మన్ అక్కడే ఉండి, బూడిదను తిరగేసి, నిప్పు లేదని చూసుకోవాలి. ఆ పనికి చప్పట్లు కొట్టేవారు ఉండరు.

ఐదవది అందరి యెడల ఒకే ప్రేమ. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కరోనా రోగులను ఉంచిన ఒక హోటల్లో మంటలు లేచాయి. పదిమంది దాకా చనిపోయారు. అగ్నిమాపక సిబ్బంది నిచ్చెనలు వేసి అనేకులను కిందికి దించారు. సొంత బంధువులే రోగిని ముట్టడానికి భయపడిన రోజులవి. కులం, మతం, రోగం అడిగి నిచ్చెన వేసేవాడు ఈ పనికి తగడు. కాలుతున్న ఇంట్లో తెరిచి ఉన్న బీరువా కనబడితే దాని మీద కన్ను వేసేవాడూ తగడు.

ఇవి మగపిల్లలకు మాత్రమే అనుకోవద్దు. నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక కళాశాలలో 2002లో చేరిన హర్షిణి కన్హేకర్ అక్కడ చదివిన మొదటి స్త్రీ. ఆమె తరువాత ఎందరో ఆ దారిలో నడిచారు.

ప్రమాదం లేదని ఆ తల్లికి నేను చెప్పలేదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ అంటుకుంది. అందులో పత్తి బేళ్లు, పేలుడు సామగ్రి రెండూ ఉన్నాయి. ఫైర్‌మన్లు మధ్యాహ్నం నుండి నీళ్లు కొడుతూనే ఉన్నారు. సాయంత్రం నాలుగు దాటగానే ఓడ పేలిపోయింది. అరవై మందికి పైగా అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు విడిచారు. వారి జ్ఞాపకార్థమే ప్రతి ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు వారోత్సవాలు జరుగుతున్నాయి. "అమ్మా, వాళ్లకూ తల్లులున్నారు. నీ కొడుకును పంపమని గాని, ఆపమని గాని నేను అనలేను. పంపితే మాత్రం మాట వినే కొడుకుగా పంపు" అన్నాను.

మరునాడు ఆ కుర్రవాడు ఆ విధవరాలి ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాడు. ఆమె చాలాసేపు ఊరుకుని, "ఆఖరి కోత ఉంది, కాయ కోయడానికి రా నాయనా" అందట. కూలి తీసుకోకుండా నాలుగు రోజులు కోశాడు. ఇప్పుడు తెల్లవారుజామున పరుగెత్తుతున్నాడు. ఉద్యోగం వస్తుందో రాదో దేవునికే తెలుసు. తల్లి భయం ఇంకా పోలేదు.

ప్రియులారా, ఈ నెలలో ఎక్కడైనా మంట కనబడితే ముందు 101కు ఫోను చేయండి. ఊరు, వీధి, ఆనవాలు సరిగా చెప్పండి. కరెంటు తీయించండి. ఇంట్లోని మనుషులను లెక్కపెట్టుకోండి. బండికి దారి వదలండి. వారు వచ్చి "దూరంగా ఉండండి" అంటే దూరంగా ఉండండి. ఆ ఒక్క మాట వినడం వల్ల ఒక పేదరాలి పంట మిగలవచ్చు.