శాలువాలు చాలు, పీరియడ్ ఇవ్వండి

ఐక్యరాజ్యసమితి 1990లో ప్రకటించిన వయోవృద్ధుల దినోత్సవం అక్టోబరు 1. ఈ ఏడు ఆ సందర్భంగా ఒక ప్రైవేటు బడిలో జరిగిన 'గ్రాండ్ పేరెంట్స్ డే'కి వెళ్లాం. తాతలకు కుర్చీలాట, నాయనమ్మలకు శాలువాలు, అందరికీ ఫొటోలు. ఒక అవ్వ దంపుళ్ల పాట ఎత్తుకుంది. రెండు చరణాలు కాకముందే టైమైపోయిందని మైకు తీసేసుకున్నారు. ఆ వెంటనే మూడు సినిమా పాటలకు డాన్సులు నడిచాయి.

ఆ అవ్వ ఏమీ అనలేదు. మేం అంటున్నాం. ముసలివాళ్లను బడికి పిలిచేది సన్మానానికి కాదు, వినడానికి. వృద్ధాశ్రమానికి పిల్లల్ని బస్సులో తీసుకెళ్లి పండ్లు పంచి తీసుకొచ్చేయడమూ ఇలాంటిదే. అక్కడ పిల్లలు నేర్చుకునేది జాలి ఒక్కటే.

బడి ఊళ్లోకి రావడం మనకు కొత్త కాదు. దసరాకు గిలకలు పట్టుకుని, పద్యాలు చదువుతూ, పంతులుగారి వెంట పిల్లలు ఇంటింటికీ తిరిగేవారు. బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం వంటివారు జానపద గేయాలు సేకరించింది ఇలాంటి అవ్వల నోటి నుంచే. అమెరికాలో జార్జియా కొండప్రాంతపు హైస్కూలు పిల్లలు 1966లో 'ఫాక్స్‌ఫైర్' అనే పత్రిక మొదలుపెట్టారు. టేపు రికార్డర్లతో ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి దుంగల ఇల్లు కట్టడం, సబ్బు కాయడం, దయ్యాల కథలు అడిగి రాసుకున్నారు. 1972 నుంచి అదంతా పుస్తకాలుగా వస్తే దేశమంతా చదివింది. ఆ పిల్లలు ఎవరికీ శాలువా కప్పలేదు. ప్రశ్నలడిగారు.

మన పిల్లలకు అడగడానికి ఏం తక్కువ? 1977 నవంబరు ఉప్పెనను దివిసీమలో కళ్లారా చూసినవారు ఇంకా ఉన్నారు. తెలంగాణలో ఉర్దూ మీడియంలో చదివిన తరం వెళ్లిపోతోంది. చెరువు తూము ఎత్తి వంతుల వారీగా నీళ్లు వదిలిన నీరటికాళ్లున్నారు. పురుగు పట్టకుండా కందులు ఎలా దాచాలో ఏ పాఠంలోనూ లేదు, ఎదురింటి అవ్వకు తెలుసు. వారానికి ఒక్క పీరియడ్ వీళ్లకివ్వండి. అతిథులుగా కాదు, పాఠం చెప్పేవారిగా. పాఠం చెప్పినందుకు డబ్బూ ఇవ్వండి. సిలబస్ ఉంది, పరీక్షలున్నాయి అంటారు హెడ్మాస్టర్లు. వారానికొక పీరియడ్ పోతే ఆగిపోయే సిలబస్ ఏదీ లేదు.

వచ్చే సంచిక నుంచి మా పత్రికలో నాలుగు పేజీలు బడిపిల్లలవి. ఇంట్లోనో వీధిలోనో ఉన్న పెద్దవాళ్లను అడిగి, వాళ్ల మాట యాసతో సహా ఉన్నదున్నట్టు రాసి పంపండి. టీచర్లు దయచేసి దిద్దకండి. పాట అయితే మాత్రం చివరి చరణం దాకా పంపండి, ఎంత పొడుగున్నా వేస్తాం.