మందు వెతకడం సరే, మందు ఆపేదెప్పుడు?

మన పల్లెల్లో మందు అంటే రెండు అర్థాలు. ఆసుపత్రిలో ఇచ్చేదీ మందే, పొలంలో కొట్టేదీ మందే. డాక్టర్లు పార్కిన్సన్స్ అనే వణుకుడు రోగం దగ్గర ఈ రెండు మందులూ ఎదురుపడుతున్నాయి.

ఈ రోగంలో మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు క్రమంగా చచ్చిపోతాయి. చేతులు వణుకుతాయి, నడక మందగిస్తుంది, ఒళ్ళు బిగుసుకుపోతుంది. దీనికి మొక్కల్లో మందు వెతకడానికి ఇప్పుడు కంప్యూటర్లు వాడుతున్నారు. మెదడులోని ఫలానా ప్రొటీన్ తాళం కప్ప అనుకుంటే, మొక్కల్లోని రసాయనాలు తాళంచెవులు. వేల చెవుల్లో ఏది సరిపోతుందో కంప్యూటర్ లెక్క కట్టి చూపిస్తుంది. చెన్నైలోని గణిత శాస్త్ర సంస్థ 4,010 భారతీయ ఔషధ మొక్కల్లోని 17,967 రసాయనాల వివరాలు ఒకచోట చేర్చింది కూడా.

మంచి పనే. మనం దురదకు భయపడి దూరంగా తొలిగే దూలగొండి గింజల నుంచి ఎల్-డోపాను 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేశారు. ఈనాటికీ ఈ రోగానికి ప్రధానమైన మందు ఆ రసాయనమే. అయితే అది వణుకు, బిగువు తగ్గిస్తుందే గాని కణాలు చావడాన్ని ఆపలేదు. ఆపగల మందు కోసమే ఈ వెతుకులాట. కంప్యూటర్ ఎంచినంత మాత్రాన మందు అయిపోదు. జంతువుల మీద, ఆ తర్వాత మనుషుల మీద పరీక్షలు జరగాలి. దానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా ఎవరో చెప్పారని దూలగొండి గింజలు దంచుకుని మింగొద్దు.

ఇక రెండో మందు. గట్ల మీద, అరటి తోటల్లో, మొక్కజొన్నలో మనం కొట్టే పారాక్వాట్ కలుపు మందు. ఎలుకలకు పార్కిన్సన్స్ లాంటి జబ్బు తెప్పించడానికి ప్రయోగశాలల్లో వాడే రసాయనాల్లో ఇదొకటి! అది కొట్టినవాళ్ళలో ఈ రోగం ఎక్కువని పలు అధ్యయనాలు చెప్పాయి. అన్నీ ఒకే మాట చెప్పలేదు, కంపెనీలు ఒప్పుకోవడమూ లేదు. కానీ కడుపులోకి పోతే విరుగుడు లేదన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. యూరప్‌లో 2007లో కోర్టు దీని అనుమతి రద్దు చేసింది. మన దగ్గర కొట్లో అడిగితే ఇస్తారు.

మా ఊళ్ళో ఇరవై ఏళ్ళు స్ప్రేయరు మోసిన కూలీ ఒకాయన ఇవాళ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. ఆయనకు ఎందుకొచ్చిందో నేను చెప్పలేను. ఏ మందు కొట్టేవాడివని ఆయన్ని ఒక్క డాక్టరూ అడగలేదు. నాకు బాధ కలిగించేది అది.

రైతు సరదాకి కొట్టడు. కలుపు తీసే కూలీలు దొరక్క, దొరికినా కూలి గిట్టక కొడుతున్నాడు. కాబట్టి ఆపమంటే చాలదు, దారి చూపాలి. పురుగుమందుల చట్టం 1968 కింద రాష్ట్రం తనంతట తాను పొడిగింపుతో కలిపి 90 రోజులే నిలిపివేయగలదు. అందుకే పారాక్వాట్‌ను కేంద్రమే నిషేధించాలి. కలుపు తీసే యంత్రాలు సన్నకారు రైతుకూ, కౌలు రైతుకూ సబ్సిడీపై ఇవ్వాలి. ఉపాధి హామీని కలుపు పనికి ముడిపెట్టాలి. వణుకుతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చిన ప్రతి మనిషి దగ్గరా ఏ మందులు కొట్టాడో రాసుకోవాలి.

రోగం కుదిర్చే మందు దొరకడానికి ఏళ్ళు పట్టొచ్చు. రోగం తెస్తుందన్న అనుమానం ఉన్న మందును ఆపడానికి ఒక్క ఉత్తర్వు చాలు.