లెక్క పుస్తకం చాలలేదు

పల్నాడు పల్లెల్లో పాలేరు అప్పు కథ పెద్దలకు కొత్త కాదు. ముందు తీసుకున్న సొమ్ము తీరేదాకా ఆసామి గడప దాటలేని బతుకది. పర్షియన్ గల్ఫ్‌లోని బహ్రెయిన్‌లో ముత్యాల కోసం మునిగే కూలీలదీ ఒకప్పుడు అదే గతి.

వేసవంతా సముద్రంలోనే. కాలికి రాయి, ముక్కుకు బిగింపు, మెడలో బుట్ట. ఇంట్లో గింజల కోసం నావ పెద్ద, అంటే నఖుదా, ముందే అప్పిచ్చేవాడు. లెక్కా అతని చేతిలోనే. కూలీ చనిపోతే ఆ అప్పు కొడుకు మెడకు చుట్టుకునేది.

1924 ప్రాంతంలో బ్రిటిష్ ప్రతినిధి మేజర్ డేలీ ఒత్తిడితో సంస్కరణలు వచ్చాయి. ప్రతి కూలీకీ సొంత లెక్క పుస్తకం ఉండాలన్నారు. తండ్రి అప్పు కొడుకుపై రుద్దొద్దన్నారు. అడ్వాన్సుకు హద్దు పెట్టారు. మంచిదే! కానీ జీతమే లేని చోట అడ్వాన్సే కదా కూడు? జపాన్ పెంపకపు ముత్యాలు, ఆర్థికమాంద్యం కలిసి ధర పడగొట్టాయి. అడ్వాన్సు మరీ తగ్గింది. 1932లో కూలీలు తిరగబడ్డారు. అదే ఏడాది అక్కడ చమురు పడింది. జీతం దొరికే పని వచ్చాక చాలామంది అటు నడిచారు.

మన దేశంలో వెట్టి రద్దు చట్టం 1976లో వచ్చింది. అప్పు కొట్టేస్తే సంకెల తెగుతుంది. కూలి గిట్టితేనే అది మళ్లీ పడకుండా ఉంటుంది.